సూర్యుడికి ఎదురు పట్టిన రొట్టెపీట

సూర్యుడి బొమ్మ గీసేటప్పుడు పలక పట్టుకునే మనిషి ఎట్లా నిలబడాలో చెప్పమని, మా బిడ్డ దగ్గర చదువుకునే పిల్ల ఒకతి వచ్చి కూర్చుంది. యూనివర్సిటీలో కొత్తగా ఆస్ట్రానమీలో చేరేవాళ్ల కోసం చిన్న పుస్తకం అచ్చు వేస్తారట. దుర్బీను సంగతి, లెక్కల సంగతి చదువుకున్నవాళ్లు రాశారట. పలక సంగతికి వచ్చేసరికి మా బిడ్డ "మా అవ్వను అడుగు" అని పంపింది. నాకు సంతకం వచ్చు. బస్సు బోర్డు మీద బోధన్, నిజామాబాద్ అన్న మాటలు గుర్తుపడతాను. అంతకు మించి అక్షరం రాదు. నేను చెబుతుంటే ఈ పిల్ల రాసుకుంటోంది. నా గొంతు బొంగురు. బీడీల పొగాకు దుమ్ము పీల్చి పీల్చి మగవాడి గొంతయింది. పక్కింటివాళ్లు కొట్లాట అనుకుంటారని తలుపు వేయించాను.

పలక పట్టడానికి చదువు అక్కరలేదు. సిగ్గు లేకపోతే చాలు. నాకు ఉన్నదంతా అదే.

మా ఆయన చక్కెర ఫ్యాక్టరీలో చెరుకు బండ్లు దింపేవాడు. జిల్లాలన్నీ కలిపి ఆంధ్రప్రదేశ్ చేసిన ఏడు జ్వరం వచ్చి పోయాడు. అప్పటికి బిడ్డకు పాలపళ్లు ఊడి కొత్త పళ్లు వస్తున్నాయి. మేముండే వీధి గుండానే పల్లెల నుంచి చెరుకు బండ్లు ఫ్యాక్టరీకి పోతాయి. పొద్దున్నే ముండమోసినది ఎదురైతే కాటా మీద చెరుకు తూకం తక్కువ వస్తుందని బండ్లవాళ్ల నమ్మకం. ఆయన పోయిన కొత్తలో నాకు ఆ గ్యానం లేక, తెల్లారగానే బిందె పట్టుకుని బయటికి వచ్చాను. ఒక బండివాడు ఎడ్లను ఆపాడు. దిగాడు. ఆ నిండు బండిని ఆ ఇరుకు వీధిలో ఎంతో కష్టపడి వెనక్కి తిప్పుకుని పోయాడు. నన్ను ఒక్క మాట అనలేదు. అన్నా బాగుండేది. ఆ ఎడ్లు కూడా నన్ను చూసే తల తిప్పుకున్నాయని నాకు అనిపించింది.

అప్పటినుంచి బండ్లు సద్దుమణిగేదాకా తలుపు తీయడం మానేశాను. చాట ఒళ్లో పెట్టుకుని, తునికాకు కత్తిరించుకుంటూ, బీడీలు చుట్టుకుంటూ లోపలే ఉండేదాన్ని. ఎవరైనా ఎదురుపడాల్సి వస్తే పక్కకు తిరిగి, గోడ వైపు ముఖం పెట్టి నిలబడడం అలవాటైంది. అలవాటు కూడా కాదు, ఒళ్లే అట్లా తయారైంది. ఇప్పుడు ఈ పిల్ల ముందు కూర్చున్నా ఒక భుజం అటే ఉంది చూడండి.

బిడ్డ బోధన్‌లో బడి చదివింది. నిజామాబాద్‌లో హాస్టల్లో ఉండి కాలేజీ చదివింది. తర్వాత పట్నం యూనివర్సిటీలో ఈ చుక్కల చదువులో చేరింది. అది సెలవలకు వచ్చి తిరిగి పోయేటప్పుడల్లా నేను వంటింట్లో దాక్కునేదాన్ని. పక్కింటామె ముత్తయిదువ. ఆమె నిండు బిందెతో ఎదురు వస్తే బిడ్డ గడప దాటేది. బస్సు పోయిన చప్పుడు విని నేను బయటికి వచ్చేదాన్ని.

తెలంగాణ గొడవల్లో కాలేజీలన్నీ మూతపడిన ఏడు బిడ్డ పెట్టె సర్దుకుని ఇంటికి వచ్చింది. పెట్టెతో పాటు గుడ్డలో చుట్టిన ఇత్తడి దుర్బీను, మూడు కాళ్ల కర్ర స్టాండు తెచ్చింది. వాళ్ల సారు ఇచ్చి పంపాడట. కాలేజీ మూసినా సూర్యుడిని ఎవరూ మూయలేదు, ఎవరి ఊళ్లో వాళ్లు రోజూ సూర్యుడి మీది మచ్చలు గీసుకు రండి, అన్నాడట. సూర్యుడు కూడా బొంగరంలాగా తన చుట్టూ తాను తిరుగుతాడు కాబట్టి మచ్చ ఒక అంచున కనిపించి, రోజురోజుకూ జరుగుతూ, రెండు వారాలకు ఇంకో అంచున దిగిపోతుంది. ఒక పెద్ద మచ్చను ఈ అంచు నుంచి ఆ అంచుదాకా తెగకుండా గీసి చూపించాలి. మధ్యలో తెగితే లెక్కకు రాదు, మళ్లీ ఇంకో మచ్చ కోసం చూడాలి. కాలేజీ తెరిచేనాటికి అది చేతిలో లేకపోతే ఆ ఏటి పరీక్షకు కూర్చోనివ్వరు. కూర్చోకపోతే ఏడాది పోతుంది. ఏడాది పోతే స్కాలర్‌షిప్ ఆగుతుంది. అది ఆగితే మా బిడ్డ చదువు అక్కడికి సరి.

సూర్యుడికి మచ్చలేమిటని నేను నమ్మలేదు. పక్కింటామె నమ్మలేదు సరే, నవ్వింది కూడా.

"మనుషులకు అంటగట్టిన మచ్చలు సాల్లేదా. ఇగ సూర్యునికి గూడ అంటగడ్తున్రు తల్లిబిడ్డలు."

ఇప్పుడు మీకు పనికొచ్చే మాట చెబుతాను. దుర్బీనులో నుంచి సూర్యుడిని చూడకూడదు. ఎన్నటికీ చూడకూడదు, రెప్పపాటు కూడా. దుర్బీను సూర్యుడి వైపు తిప్పి పెడితే, మనం కన్ను పెట్టే చోటు నుంచి వెలుగు బయటికి వచ్చి పడుతుంది. ఆ వెలుగుకు తెల్లకాగితం అడ్డం పెడితే దాని మీద సూర్యుడు పళ్లెమంత అయి కనిపిస్తాడు. కాగితం మీది మచ్చను పెన్సిల్‌తో గీసుకోవాలి. తిప్పేటప్పుడు కూడా గొట్టం వెంట కన్ను పెట్టి గురి చూడొద్దు. వెనక పట్టిన కాగితం మీద గొట్టం నీడ చూడండి. నీడ పొడుగ్గా ఉంటే గురి తప్పినట్టు. తిప్పగా తిప్పగా అది పొట్టిదై, గుండ్రంగా అయినప్పుడు కాగితం మీదికి సూర్యుడు వచ్చేస్తాడు.

కాగితం పెట్టే పలక దుర్బీనుకు బిగించి ఉండాలి. మేము తెచ్చుకున్నదానికి అది ఊడిపోయి ఉంది. బిడ్డ ఇల్లంతా వెతికి నా రొట్టెపీట తీసింది. జొన్నరొట్టెలు కొట్టే పీట. దాని మీద కాగితం పరిచి, బీడీలు కట్టే దారంతో కట్టింది. నన్ను పట్టుకోమంది.

పొద్దు పొడిచి కాస్త పైకి వచ్చిన వేళే ఈ పనికి మంచిది. నేల కాగిన తర్వాత కాగితం మీద సూర్యుడి అంచు ఉడికే గంజిలాగా కదులుతుంది, చిన్న మచ్చలు కనిపించవు. కానీ ఆ పొద్దటి వేళే కదా బండ్లు పోయేది. అందుకే బయటికి రానన్నాను. బిడ్డ గడపలో నిలబడి పొద్దు ఎటు పొడుస్తుందో చూసింది. మా వాకిలి తూర్పు ముఖం. దుర్బీను గడపలో పెట్టి, నన్ను లోపల చీకట్లో కూర్చోబెట్టింది. వెలుగు గడప మీదుగా లోపలికి వచ్చి పీట మీద పడింది. లోపల చీకటి కాబట్టి సూర్యుడు ఇంకా బాగా తేలాడు. నేను ఎవరి కంటా పడను. అంత తెలివైన బిడ్డను కన్నానా అనిపించింది.

మొదటి రోజు పీట పట్టగానే బిడ్డ పెన్సిల్ ఆపింది.

"అవ్వా, పీట వంకర వట్టినవ్. సూర్యుడు గుడ్డు లెక్క అయితుండు."

చూస్తే నిజమే. కాగితం మీద కోడిగుడ్డు. నేను పీటను కూడా నాలాగే పక్కకు తిప్పి పట్టుకున్నాను. పీట వచ్చే వెలుగుకు నేరుగా ఎదురుగా ఉండాలి. ఒక వైపు ఒరిగితే గుండ్రని సూర్యుడు గుడ్డవుతాడు, మచ్చ ఉన్నచోటు నుంచి జరిగిపోతుంది, లెక్కంతా తప్పుతుంది. మీరు పలక పట్టినా, దేనికైనా బిగించినా, ముందు అంచు చూడండి. గుండ్రంగా ఉన్నాడా లేదా చూసి ఆ తర్వాతే పెన్సిల్ పెట్టండి. బిడ్డ రోజూ చెప్పేది, నేను రోజూ తిప్పేదాన్ని, కాసేపటికి చేతులు వాటంతటవే మళ్లీ పక్కకు పోయేవి. పీట పట్టడం కూడా చేతకాదని ఎంత సిగ్గుపడ్డానో.

ఇంకొకటి, మా ఊరి కష్టం. గానుగ ఆడే రోజుల్లో ఫ్యాక్టరీ చిమ్నీ నుంచి చెరుకు పిప్పి మసి పడుతూనే ఉంటుంది. ఆరేసిన బట్టల మీద, అన్నం మీద, ఆ కాగితం మీద కూడా. ఒకనాడు బిడ్డ మురిసిపోతూ కొత్త మచ్చ గీసింది. నేను ఊపిరి వదలగానే అది ఎగిరిపోయింది. ఆనాటినుంచి గీసే ముందు ఊదడం పెట్టుకున్నాం. ఊదితే పోయేది మసి, పోనిది మచ్చ. అద్దం మీది దుమ్ము సంగతి వేరు. దుర్బీనును మెల్లగా తడితే గొట్టంతో పాటు కదిలేది దుమ్ము, సూర్యుడితో పాటు ఉండేది మచ్చ. దుమ్ము ఉందని కొంగుతో తుడవకండి. లాంతరు చిమ్నీ తోమినట్టు బూడిద పెట్టి తోమబోతే బిడ్డ నా చేయి పట్టి ఆపింది.

అట్లా రెండు మచ్చలు మొదలుపెట్టాం. రెండూ మధ్యలో మబ్బు పట్టి తెగిపోయాయి. చలి తగ్గింది, ఎండలు ముదురుతున్నాయి. కాలేజీలు తెరుస్తారని ఒకరు, తెరవరని ఒకరు చెప్పుకుంటున్నారు. అప్పుడు ఒక అంచున పెద్ద మచ్చ కనిపించింది. చుట్టూ పిల్ల మచ్చలు, మధ్యన నల్లగా తల్లి మచ్చ. బిడ్డ ముఖం చూస్తే పండగలాగా ఉంది.

సరిగ్గా అప్పుడే సూర్యుడు మా వాకిలికి రావడం మానేశాడు.

చలికాలంలో సూర్యుడు కుడి చేతి వైపున, ఎదురింటి పొట్టి పెంకుల మీదుగా పొడిచేవాడు. ఎండలు ముదిరేకొద్దీ రోజూ ఇంత ఎడమకు జరిగి, ఎదురింటి మేడ వెనక్కి పోయాడు. మేడ దాటి పైకి వచ్చేసరికి పొద్దెక్కి, గంజి ఉడకడం మొదలవుతుంది. ఉత్తరాయణం అని వినడమే కానీ, అది మా గడప దగ్గరికి ఇట్లా వస్తుందని నాకేం తెలుసు. తెలిసిన బిడ్డ కూడా ఆ మేడను లెక్కలో పెట్టుకోలేదు. మీరు చోటు చూసుకునేటప్పుడు ఈ పూట వెలుగు పడుతుందా అని కాదు, రెండు నెలలకు కూడా పడుతుందా అని చూసుకోండి.

వీధి మొగలో, బండ్ల బాట కలిసే చోట మాత్రం పొద్దున్నే ఎండ ఉంటుంది. నేను రానన్నాను. బిడ్డ బతిమాలలేదు. తానే దుర్బీను, పీట, స్టాండు మోసుకుని పోయింది. పీటను ఒక రాయికి ఆనించి, చిన్న రాళ్లు అడ్డం పెట్టి గీసుకుంది. సూర్యుడు జరిగిపోతుంటాడు కదా, దుర్బీను తిప్పాలి, పీట జరపాలి, గీయాలి, గాలికి లేచే కాగితం అదమాలి. రెండు చేతులు ఎక్కడ సరిపోతాయి. ఇరవై ఏళ్ల పిల్ల బాట మీద మోకాళ్ల మీద కూర్చుని ఆ తిప్పలు పడుతుంటే, నేను తలుపు సందులోంచి చూస్తూ బీడీలు చుట్టాను. పీట పట్టడానికి చేతులు ఖాళీగా ఉండి కూడా పోలేదు. నన్ను చూసి ఎవరి తూకమో తగ్గుతుందని.

మచ్చ సూర్యుడి మధ్యకు వచ్చిన రోజు అది. ఎదురింటి పెద్దాయన, మేడ ఆయనే, కొడుకు పెళ్లికి లగ్నం పెట్టించడానికి బయలుదేరాడు. కొత్త ధోవతి, అంగీ, కండువా, వెంట ఇద్దరు చుట్టాలు. వీధి మొగకు వచ్చేసరికి దుర్బీను కనిపించింది. బిడ్డ అటు తిరిగి పీటకు కాగితం కడుతోంది. ఆయన చుట్టాలతో ఏదో నవ్వుతూ అన్నాడు. కండువా భుజం మీదికి వేసుకుని, నడుము వంచి, దుర్బీనుకు కన్ను పెట్టబోయాడు. గొట్టం అప్పటికే సూర్యుడి వైపు ఉంది.

నేను తలుపు తీసింది నాకు తెలియదు. ఒళ్లోని చాట ఎక్కడ పడిందో తెలియదు.

"కన్ను వెట్టకు అన్నా, కన్ను వోతది."

ఈ గొంతుతోనే. వీధి వీధంతా ఆగిపోయింది. అరుచుకుంటూ పోయి ఆయనకూ దుర్బీనుకూ మధ్యన నిలబడ్డాను. ఆయన ఉలిక్కిపడి వెనక్కి జరిగాడు. అప్పుడు నన్ను చూశాడు. నేను కూడా అప్పుడే నన్ను చూసుకున్నాను. తెల్లచీర, బోసి నుదురు, కొంగు జారిన తల. ముందర లగ్నానికి పోయే మనిషి. వెనకాల మొదటి చెరుకు బండి.

బిడ్డ నా కొంగుకు అంటుకున్న ఎండు తునికాకు ముక్క తీసి, దుర్బీనుకు కన్ను పెట్టే చోట పట్టింది. కాసేపటికే ఆకు మధ్య నల్లబడి, సన్నగా పొగ లేచి, బెజ్జం పడింది. ఆ ఆకును పెద్దాయన చేతికి ఇచ్చింది.

"గిది మీ కన్ను, పెద్దబాపూ" అంది.

ఆయన ఆకును అటూ ఇటూ తిప్పి చూశాడు. ఆ బెజ్జంలోంచి వేలు కనిపిస్తోంది. మొదటి బండి మీది మనిషి మెడ చాచి చూసి అన్నాడు.

"గట్లయితె గిటు తే బిడ్డా, బీడి ముట్టించుకుంట. అగ్గిపెట్టె మిగుల్తది."

వెనక బండ్లవాళ్లు నవ్వారు. పెద్దాయన నవ్వలేదు. నన్ను తిట్టనూ లేదు. ఆకును జేబులో పెట్టుకున్నాడు. తన కన్ను దక్కిందని ఆయన నమ్మాడు. అది ఆయన ముఖంలో కనిపించింది. నా వైపు చూడకుండా, నేల చూస్తూ మెల్లగా అన్నాడు.

"మంచి పని మీద వోతుంటె ఎదురైతివి గదనే."

చుట్టాలను వెంటబెట్టుకుని వెనక్కి పోయాడు. ఇంటి అరుగు దగ్గర కాళ్లు కడుక్కున్నాడు. కూర్చుని చెంబెడు నీళ్లు తాగాడు. మేమందరం చూస్తూనే ఉన్నాం. కన్ను దక్కిందని తెలిసిన మనిషి, నమ్మిన మనిషి, నన్ను కడుక్కుంటున్నాడు. ఒక కాలు, ఇంకో కాలు. నాకు భూమి నోరు తెరిస్తే బాగుండనిపించింది. ఆయన మీద కోపం వచ్చిందా అని ఈ పిల్ల అడుగుతోంది. రాలేదు. ఆయన తప్పు చేశాడని కూడా ఆనాడు తోచలేదు. లగ్నం చెడిపోతే ఎట్లా అన్న భయమే ఉంది నాకు.

ఇంట్లోకి పరుగెత్తబోతే బిడ్డ పీట చేతికి అందించింది.

"వచ్చినవ్ గద అవ్వా. ఇగ వట్టు. సూర్యుడు పోతుండు."

పట్టుకున్నాను. బండ్లు కదలడం లేదు. నన్ను దాటి ముందు ఎవరు పోవాలన్నది వాళ్ల గోస. అప్పుడు ఆ బాటనే గిన్నెలకు కళాయి పోసే సాయబు వచ్చాడు. ముసలాయన, భుజాన తిత్తి, నెత్తిన టోపీ. సంగతి అడిగి తెలుసుకుని, టోపీ తీసి బట్టతల చూపించాడు.

"మీ నష్టమంత నా నెత్తిమీద ఎయ్యుండ్రి. గీడ ఎంటికలే నిలువలే, నష్టం ఏం నిలుస్తది. నేను ముందు పోత, ఎనక మీరు రాండ్రి."

అని నా ముందు నుంచి తీరికగా నడిచి పోయాడు. పోతూ నాకు సలాం చేశాడు. ఆయన వెనక మొదటి బండి, దాని వెనక రెండోది, మూడోది. వాళ్ల ఎదురు ఆయన మీద పోయింది కదా, ఇక వాళ్లకు బెంగ లేదు. అందరూ నవ్వుకుంటూనే పోయారు. నాకు ఆ నవ్వు కూడా బరువే అయింది. ముఖం గోడ వైపు తిప్పుకున్నాను. ముఖంతో పాటు పీట తిరిగింది. బిడ్డ ఆనాడు మాత్రం వంకర పట్టావని అనలేదు. అనకుండానే గీసుకుంది. మరునిమిషం పెద్దాయన మళ్లీ బయలుదేరి వస్తున్నాడని తెలిసి నేను పీట వదిలి ఇంట్లో పడ్డాను.

ఇంటికి వచ్చి కాగితం విప్పితే అందులో సూర్యుడు గుడ్డు. మధ్యలో మచ్చ ఉంది, పిల్ల మచ్చలూ ఉన్నాయి, అంచు మాత్రం కోడిగుడ్డు. మిగతావన్నీ ఇంత గుండ్రంగా ఉన్నాయి. సారు దీన్ని చూసి మొత్తం కొట్టేస్తే? బిడ్డ ఏడాది పోతే? నా మూలంగా? నేను దాని కాళ్లావేళ్లా పడ్డాను.

"గుండ్రంగ గీసెయ్ బిడ్డా. నిన్నటిది రేపటిది నడుమ గిది ఎవలు సూస్తరు."

అది తల అడ్డంగా ఊపింది. కోపంగా కూడా కాదు. కనిపించింది గీయాలి, ఉండాల్సింది గీయకూడదు, అంది. నిన్నటి బొమ్మ చూసి ఇయ్యాళటిది గీయడం, అంచు దిద్దడం, మబ్బు పట్టిన రోజును ఊహించి నింపడం, ఇవన్నీ చేస్తే ఆ కట్టలో ఒక్క కాగితాన్నీ నమ్మడానికి లేదట. మీకూ ఆ మాటే చెప్పమంది. నేను ఆ రోజు దాని మాట వినలేదు. అది నీళ్లకు పోయినప్పుడు పెన్సిల్ తీసి, గాజు అంచు చుట్టూ తిప్పి సున్నా చుడదామని కాగితం ముందు కూర్చున్నాను. నాకు గాజులు లేవు కదా, బిడ్డ గాజు తీసుకున్నాను. కాగితం మీద పెడితే గాజు చిన్నదైంది, సూర్యుడు పెద్దవాడయ్యాడు. అట్లాగే మిగిలిపోయింది.

మరునాటినుంచి మచ్చ ఆ అంచుకు చేరేదాకా నేనే పీట పట్టాను. సాయబు రోజూ రాలేదు. వచ్చిన రోజు బండ్లు ఆయన వెనక పోయేవి. రాని రోజు కొందరు పక్క బాటన పోయేవాళ్లు. కొందరు ఉమ్మేసి పోయేవాళ్లు. ఒకతను మాత్రం బండి ఆపి, ఇంకా ఎన్నాళ్లుంటుంది అమ్మా ఈ మచ్చ, అని అడిగేవాడు. సిగ్గు పోతుందనుకున్నాను, పోలేదు. సిగ్గుతోనే పట్టాను. కొంగు ముక్కుదాకా లాక్కుని, కళ్లు పీట మీదనే పెట్టుకుని, అంచు గుండ్రంగా ఉందా లేదా అని మాత్రం చూసుకునేదాన్ని. మచ్చ అంచుకు చేరి సన్నని గీతయి దిగిపోయిన రోజు బిడ్డ బాట మీదనే కూర్చుండిపోయింది.

కొన్నాళ్లకు కాలేజీలు తెరిచారన్నారు. బిడ్డ పెట్టె సర్దుకుంది. పక్కింటామె బిందె నింపుకుని తయారుగా ఉంది. నేను ఎప్పటిలాగే వంటింట్లోకి పోయాను. బిడ్డ గడప దాటలేదు.

"అవ్వా, ఎదురు రా" అని పిలిచింది.

పరీక్షలకు పోయే పిల్లవు, పిచ్చి పని చేయకు అని పక్కింటామె నచ్చజెప్పింది. బస్సు వేళ దాటిపోతుందని నేను లోపలినుంచి మొత్తుకున్నాను. బిడ్డ పెట్టె మీద కూర్చుంది. ఇక తప్పక బయటికి వచ్చాను. గోడ వారగా నిలబడ్డాను. అది లేచి నన్ను ఎగాదిగా చూసింది.

"వంకర నిలబడ్డవ్ అవ్వా. గుడ్డయితున్నవ్."

పక్కింటామె కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. నేను నేరుగా తిరిగాను. బిడ్డ వచ్చేటప్పటి ముఖమే నాకు ఎరుక. పోయేటప్పటి ముఖం ఎట్లా ఉంటుందో ఆనాడే చూశాను.

అంతా బాగుందని చెబితే అబద్ధమవుతుంది. ఆ బస్సు డిచ్‌పల్లి చేరకముందే చెడిపోయి ఆగిపోయింది. అదే బస్సులో పోయినవాళ్లు వెనక్కి వచ్చి ఆ సంగతి చెప్పారు. పక్కింటామె ఒక్కసారి నా వైపు చూసి, బిందె ఎత్తుకుని లోపలికి పోయింది. అన్నం సహించలేదు నాకు. ఒప్పుకుని ఎదురు పోయానే, దాని చదువుకు నేనే అడ్డం పడ్డానే అని తల గోడకు ఆనించుకుని కూర్చున్నాను. బస్సుకు పాతబడిన ఇంజను ఉంటుందని నాకు తెలుసు. తెలిసినా ఆ బాధ పోలేదు. ఆ పెద్దాయన తునికాకు జేబులో పెట్టుకుని కాళ్లు ఎందుకు కడుక్కున్నాడో అప్పుడు తెలిసింది. నేనూ ఆయన లాంటిదాన్నే.

బిడ్డ ఒక లారీలో ఆడవాళ్లతో కలిసి పట్నం చేరింది. మరునాడు కాగితాల కట్ట సారు ముందు పెట్టింది. ఆయన ఒక్కొక్కటే తిప్పుతూ పోయి గుడ్డు దగ్గర ఆగాడట. ఇదేమిటమ్మా అన్నాడట. ఆ రోజు పలక ఒరిగింది సార్, అని బిడ్డ చెప్పింది. ఎందుకు ఒరిగిందో చెప్పలేదట. ఆయన కాసేపు దాన్ని పట్టుకుని చూసి, దిద్దనందుకు తల ఊపి, ఒరిగిందని పక్కన రాయి, ఎంత ఒరిగిందో గుడ్డును కొలిస్తేనే తెలుస్తుంది, అన్నాడట. బిడ్డ కొలిచింది. పొడుగు, వెడల్పు చూసి లెక్క వేస్తే పీట ఎంత పక్కకు తిరిగిందో తేలిందట. మచ్చ తన చోటికి తాను వచ్చింది. ఆ కట్ట ఒప్పుకున్నారు. బిడ్డ పరీక్షకు కూర్చుంది.

దసరాకు వచ్చినప్పుడు సంతోషంగా అదంతా చెప్పింది. నేను ఎంత పక్కకు తిరిగానో కూడా లెక్క ఉందా అని అడిగాను. ఉంది, యూనివర్సిటీ బీరువాలో ఉంది అంది. బీరువాలో పెట్టిన ఆ గుడ్డును ఇప్పటికీ ఎవరెవరు తీసి చూస్తున్నారో. తలచుకుంటే నాకు ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియదు.

పీట ఎట్లా పట్టాలో చెప్పమంటే ఇంత చెప్పాను. ఈ పిల్ల నా యాస తీసి పుస్తకం మాటల్లో పెట్టింది, అది దాని ఇష్టం. ఇప్పుడేమో ఆ పెద్దాయన కాళ్లు కడుక్కున్న ముక్క తీసేద్దాం అవ్వా, పిల్లలు చదివే పుస్తకం, నీకు నామోషీ అంటోంది. నామోషీయే. తీయకు అన్నాను. ఆ రోజు పలక ఎందుకు ఒరిగిందో ఆ కట్టలో రాయలేదు, ఇందులోనైనా ఉండనీ.

పొద్దు గూకుతోంది, ఈ పిల్లకు బస్సు వేళయింది. లేచి గడప దగ్గర చెప్పులు వేసుకుంటోంది. నేను ఇంకా చాట ముందరే కూర్చుని ఉన్నాను. వంటింటి తలుపు నాకు దగ్గర.